పంక్ కథలో రాజకీయం ఉందా, హంగులేనా? ఎలా తేల్చుకోవాలి?

సైబర్‌పంక్, స్టీమ్‌పంక్, సోలార్‌పంక్... ఇవన్నీ సైన్స్ ఫిక్షన్‌లో రకాలు. నియాన్ లైట్లుంటే మొదటిది, ఇత్తడి పళ్ళచక్రాలుంటే రెండోది, మేడల నిండా మొక్కలుంటే మూడోది. పైపైన గుర్తుపట్టడం తేలికే. లోపల రాజకీయం ఉందో లేదో తెలియాలంటే కాస్త తవ్వాలి.

ముందుగా ఆ హంగులన్నీ తీసేసి కథను రెండు వాక్యాల్లో చెప్పుకోండి. 1984 నాటి విలియం గిబ్సన్ నవల ‘న్యూరోమాన్సర్’ ఈ పరీక్షకు నిలుస్తుంది: పని పోయిన హ్యాకర్ ఒంటిని ఒకడు బాగుచేయిస్తాడు, పని పూర్తి చేయకపోతే మళ్ళీ పాడయ్యేలా లోపల విషపు సంచులు పెట్టిస్తాడు. నియాన్ లేకపోయినా యజమాని, కూలీ మిగిలారు.

తర్వాత, ఆ లోకంలో సంపద ఎవరి చేతిలో ఉందో, దాన్ని మార్చేది ఎవరో అడగండి. ‘కల్కి 2898 ఏడీ’ చూశారుగా. కింద ఎండిపోయిన కాశీ, పైన అన్నీ ఉన్న కాంప్లెక్స్, అక్కడికి వెళ్ళాలంటే యూనిట్లు, అంటే ఆ లోకపు డబ్బు. ఇంతవరకు పక్కా రాజకీయమే. కానీ ఆశంతా పుట్టబోయే అవతారం మీదే. నా లెక్కలో అక్కడ సినిమా భక్తి దారి పట్టింది. తప్పని కాదు, దారి వేరు.

స్టీమ్‌పంక్ అయితే కనిపించనివాళ్ళను వెతకండి. 1987లో కె. డబ్ల్యూ. జీటర్ అనే రచయిత ‘లోకస్’ అనే సైన్స్ ఫిక్షన్ పత్రికకు రాసిన ఉత్తరంలో ఈ పేరును సగం సరదాగానే వాడాడు. ఆ సరదా ఇంకా పోలేదు. విక్టోరియా కాలపు లండన్, ఆవిరి విమానాలు, గాగుల్స్ అన్నీ ఉంటాయి. విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించిన 1877లో రాయలసీమ కరువుతో అల్లాడుతోంది, ఇండియా గోధుమలేమో ఓడలెక్కి ఇంగ్లండ్ పోతున్నాయి. ఆ ఓడలు కథలో లేవంటే మిగిలింది టోపీలే.

సోలార్‌పంక్‌లో ఎవరు చూపిస్తున్నారో చూడండి. 2021లో చొబానీ అనే అమెరికా పెరుగు కంపెనీ అచ్చం ఆ తరహాలో యానిమేషన్ ప్రకటన తీసింది. అభిమానులు లోగోలు, మాటలు తీసేసి మళ్ళీ నెట్‌లో పెట్టారు. నిజం చెప్పాలంటే, అలా చూస్తే బాగానే ఉంది! అందుకే అందంగా ఉందన్న ఒక్క కారణంతో దేన్నీ కొట్టిపారేయకండి. 1970లలో పంక్ అనే తిరుగుబాటు రాక్ సంగీతం వెంట నడిచిన లండన్ కుర్రాళ్ళు బట్టలకు పిన్నీసులు గుచ్చుకున్నదీ హంగే, వాళ్ళ నిరసనా అదే.

అప్పటికీ తేలకపోతే కథలో అద్దె, జీతం, అప్పు గురించి ఒక్కసారైనా ఎవరైనా మాట్లాడారేమో వెనక్కి తిప్పి చూడండి.