హెర్బేరియం పాఠాలు – 4: వాన దీవిలో కట్టే కట్ట

గత పాఠంలో హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే చోటు) కోసం కోసిన మొక్క నమూనాను అద్దుడు కాగితాల మధ్య పెట్టి, రోజూ కాగితం మారుస్తూ ఆరబెట్టడం నేర్చుకున్నాం. అండమాన్ దీవుల్లో ఏడాదిలో చాలా నెలలు ఆ పద్ధతి సాగదు. అక్కడ రెండు రుతుపవనాలూ కలిసి ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిపిస్తాయి. కొత్తగా పెట్టిన కాగితమూ చెమ్మగిల్లే ఉంటుంది కాబట్టి నమూనాకు బూజు పడుతుంది, ఆకులు తొడిమ దగ్గర ఊడిపోతాయి. అందుకే ఆరబెట్టడాన్ని వాయిదా వేసి, నమూనాను స్పిరిట్‌లో (ఆల్కహాల్‌లో) నిలవ చేస్తారు. దీనికి జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ష్వైన్‌ఫుర్త్ పేరు స్థిరపడింది.

సముద్రపు ఒడ్డున ఒక పొన్న కొమ్మను తీసుకుందాం (అటవీ శాఖ అనుమతి చేతిలో ఉందనే అనుకుంటున్నాను). పూలున్న రెమ్మను 42 × 28 సెంటీమీటర్ల అట్టకు సరిపడేలా కత్తిరించండి. కోసిన చోట పాలు ఊరతాయి. వాటి రంగును అప్పుడే రాసుకోండి. రెమ్మను దినపత్రిక మడతలో పరిచి, ఒక ఆకును మాత్రం వెల్లకిలా తిప్పండి. నడి ఈనె నుంచి అంచుదాకా దువ్వెన పళ్లలా ఒత్తుగా సాగే సన్నని ఈనెలే పొన్నకు గుర్తు, అవి రెండు వైపులా కనిపించాలి. మీరు నమూనాకు ఇచ్చే సంఖ్యను పెన్సిల్‌తోనే వేయండి. బాల్‌పెన్ సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. సంఖ్య చెరిగిన నమూనా ఎంత అందంగా ఉన్నా ఎండుగడ్డితో సమానం.

మడతలను జానెడు ఎత్తు మించకుండా పేర్చి, పురికొసతో కట్టి, మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి, కాగితాలన్నీ నానేదాకా 60–70 శాతం స్పిరిట్ పోసి, మూతి బిగించండి. కట్ట కొన్ని వారాలు భద్రంగా ఉంటుంది. పొయ్యికి, దీపానికి దూరంగా ఉంచమని వేరే చెప్పనక్కరలేదు గానీ, చెబుతున్నాను.

ఇందులో నష్టమూ ఉంది. పొన్న పూల తెల్లని రేకలు, పసుపు కేసరాలు స్పిరిట్‌లో గోధుమరంగుకు తిరుగుతాయి, పరిమళం సరేసరి. రంగు, వాసన, చెట్టు ఎత్తు, నేల స్వభావం సంచి మూయకముందే నోటుపుస్తకంలోకి ఎక్కాలి. స్పిరిట్‌లో నానిన ఆకు డీఎన్‌ఏ పరీక్షకు అంతగా పనికిరాదు కాబట్టి, తాజా ఆకు ముక్కను ముందే చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లంలో దాచండి.

అదే చెట్టు నుంచి అదే సంఖ్యతో మరో రెమ్మ కూడా కోయండి. పోర్ట్‌బ్లెయిర్‌లో (ఇప్పటి శ్రీ విజయపురం) భారత వృక్ష సర్వేక్షణ సంస్థ ప్రాంతీయ కేంద్రం 1972 నుంచి ఉంది. జంట నమూనాను అక్కడి హెర్బేరియానికి ఇవ్వడం సబబు.

అభ్యాసానికి మీ ఊరి చెట్టు చాలు. ఒకే కొమ్మ నుంచి రెండు రెమ్మలు తీసి, ఒకటి కాగితాల్లో, ఒకటి స్పిరిట్‌లో పది రోజులు ఉంచండి. వచ్చే పాఠంలో రెండింటినీ పక్కపక్కన విప్పి, అట్టకు కుడదాం.