పవర్ నొక్కాక అరనిమిషం నల్ల స్క్రీన్: ఏఎండీ ఏఎం5 మదర్‌బోర్డులో నాకు పనిచేసిన సెట్టింగ్

లోగో రావడానికే అరనిమిషం దాటేది. టాస్క్ మేనేజర్‌లో 'లాస్ట్ బయోస్ టైమ్' (విండోస్ మొదలయ్యే ముందు బోర్డు తీసుకునే సమయం) 41 సెకన్లు. స్టార్టప్ యాప్‌లు ఆపినా, ఎస్‌ఎస్‌డీ మార్చినా తేడా లేదు.

ఆలస్యం విండోస్‌ది కాదు, ప్రతి బూట్‌కీ జరిగే డీడీఆర్5 మెమరీ ట్రైనింగ్‌ది (ర్యామ్‌కు సరిపోయే టైమింగులను బోర్డు వెతుక్కోవడం). ముందు బయోస్ అప్‌డేట్ చేశాను. సాధారణంగా అది సెట్టింగులు చెరిపేస్తుంది కాబట్టి ఇదే మొదట. తర్వాత ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని ప్రకటిత వేగంతో నడిపే ప్రొఫైల్) ఆన్ చేసి, డీడీఆర్ సెట్టింగుల్లో 'మెమరీ కాంటెక్స్ట్ రిస్టోర్' (పాత ట్రైనింగ్ ఫలితాలనే మళ్లీ వాడే ఆప్షన్), దానితోపాటే 'పవర్ డౌన్ ఎనేబుల్' రెండూ ఎనేబుల్ చేసి ఎఫ్10తో సేవ్ చేశాను. రెండోది వదిలేస్తే బ్లూ స్క్రీన్లు రావచ్చు. సేవ్ చేశాక మొదటి బూట్‌కి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. స్క్రీన్ నల్లగా ఉందని దయచేసి పవర్ తీసేయకండి. ఆ తర్వాత నుంచి 15 సెకన్లే.

అన్ని ర్యామ్ కిట్లకూ కుదరకపోవచ్చు. రాత్రంతా మెమ్‌టెస్ట్ (ర్యామ్‌లో తప్పులు వెతికే ప్రోగ్రామ్) నడపండి. ఒక్క ఎర్రర్ కనిపించినా కాంటెక్స్ట్ రిస్టోర్ ఆపేయండి.