బెంగళూరు పీజీ గదిలో నల్లులు: మందు కొట్టకుండా వదిలించుకోవడం

పరుపు తీసుకెళ్లి మేడ మీద ఎండలో వేస్తే నల్లులు చస్తాయని మన ఊళ్ల లెక్క. బెంగళూరు ఎండకు ఆ లెక్క కుదరదు. నల్లితో పాటు గుడ్డు కూడా చావాలంటే వేడి 50 డిగ్రీలు దాటాలి. నాలుగంగుళాల పరుపు లోపలికి అంత వేడి దిగదు. పైన కాలగానే నల్లులు నీడవైపు జరుగుతాయి, అంతే.

ముందు టార్చి, పాత ఏటీఎం కార్డు పట్టుకుని పరుపు కుట్లు, మంచం కీళ్లు, బోల్టు రంధ్రాలు, తలవైపు గోడ పగుళ్లు గీకి చూడండి. పెన్ను ముల్లుతో పెట్టినట్టు నల్ల చుక్కలుండి, తడిగుడ్డతో రుద్దితే తుప్పురంగులో అలుక్కుంటే అది నల్లి రెట్ట.

దుప్పట్లు, గలేబులు, కర్టెన్లు గదిలోనే కవర్లో వేసి మూతి కట్టండి. చంకలో పెట్టుకుని వెళ్తే మెట్ల పొడవునా పంచినట్టే. 60 డిగ్రీల నీళ్లలో ఉతకాలి, చన్నీళ్లను నమ్ముకోవద్దు. డ్రయ్యరుంటే హై మీద అరగంట.

పరుపుకు, మంచానికి ఆవిరి పట్టాలి. బట్టల స్టీమర్ చాలు, కానీ మూతికి గుడ్డ చుట్టండి. లేకపోతే ఆవిరి ఊపుకు నల్లులు చావకుండా ఎగిరి పక్కన పడతాయి. స్టీమర్ అంగుళం దూరం జరగడానికి మూడు నాలుగు సెకన్లు పట్టాలి. చాలామంది ఇస్త్రీ చేసినట్టు లాగేస్తారు, పని చెడేది అక్కడే. స్విచ్‌బోర్డుల జోలికి పోవద్దు. ఇనుప మంచమైతే కీళ్లలో మరిగే నీళ్లు పోయొచ్చు. ప్లైవుడ్‌కు పోస్తే ఉబ్బుతుంది. గోడ పగుళ్లు పుట్టీతో పూడ్చేయండి.

తర్వాత మంచాన్ని గోడకు జానెడు దూరం జరిపి, దుప్పటి నేలకు తగలకుండా చూసి, కోళ్ల కింద నున్నటి ప్లాస్టిక్ గిన్నెలు పెట్టండి. గిన్నె బయట కాగితం టేపు అంటిస్తే నల్లి ఎక్కుతుంది, లోపల టాల్కం పౌడరు రాస్తే పడ్డది పైకి రాలేదు. నీళ్లు పోయకండి, దోమలకు ఇల్లు కట్టినట్టవుతుంది.

గుడ్లు వారం పది రోజుల్లో పిల్లలవుతాయి. అందుకే వారానికోసారి, కనీసం మూడుసార్లు ఆవిరి పట్టాలి. ఈలోగా రూమ్మేట్ మంచం మీదికి మారొద్దు, వెంట వస్తాయి. పక్క గదిలోనూ ఉంటే ఓనర్‌కు చెప్పి అదే రోజు చేయించాలి. వేపాకు, కర్పూరం ఉండలు వాసనకే గానీ చంపవు. కిరోసిన్ మాత్రం వద్దే వద్దు, మంచానికి నిప్పంటుకుంటుంది.

గిన్నెల్లో ఆరు వారాలు ఏమీ పడకపోతే దాదాపు పోయినట్టే. అప్పటిదాకా పండక్కి ఊరెళ్లేవాళ్లు వేడినీళ్లలో ఉతికిన బట్టలే, మంచం కింద పెట్టని బ్యాగులో సర్దుకోండి.