పళ్ల కాబ్లర్ చెడిందా? లక్షణం, కారణం, పరిష్కారం

పళ్ల కాబ్లర్ అమెరికా ఇళ్లలో పుట్టిన వంటకం. లోతైన పాత్రలో పంచదార కలిపిన పళ్ల ముక్కలు పరిచి, వాటిపైన మైదా, వెన్న, పెరుగుతో కలిపిన మెత్తని పిండిని చిన్న ముద్దలుగా అమర్చి ఓవెన్‌లో కాలుస్తారు. ఆ ముద్దలు పైన కరకరలాడుతూ, లోపల బన్నులా గుల్లగా కాలాలి. కింది పళ్ల రసం చిక్కబడి చెంచాకు అంటుకోవాలి. పద్ధతి చిన్నదే. అయితే విశాఖలో దీనిని చేసేవారికి పండులోని నీటితోపాటు సముద్రపు గాలిలోని తేమ, వంటింటి వేడి కూడా అడ్డు తగులుతాయి. ఇక్కడ చెప్పబోయే లోపాలలో ఎక్కువ వాటికి మూలం పండులోని నీరు వేళకు మరగకపోవడమో, పిండిలోని వెన్న వేళకు ముందే కరిగిపోవడమో అయి ఉంటుంది.

లోపాన్ని పోల్చుకోవడానికి ఒక కొలత ముందుండాలి. 20 సెంటీమీటర్ల చదరపు పాత్రకు సుమారు కిలో పళ్ల ముక్కలు, పండు తీపిని బట్టి 75 నుంచి 100 గ్రాముల పంచదార, రెండు టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్, ఒక టేబుల్ స్పూను నిమ్మరసం సరిపోతాయి. పైపిండికి 140 గ్రాముల మైదా, రెండు టేబుల్ స్పూన్ల పంచదార, టీస్పూను బేకింగ్ పౌడర్, పావు టీస్పూను వంటసోడా, 70 గ్రాముల చల్లని వెన్న, 80 మిల్లీలీటర్ల చిక్కని పుల్లపెరుగు కావాలి. దుకాణంలో దొరికే వెన్నలో ఉప్పు ఉంటే వేరే ఉప్పు అక్కర్లేదు. ఓవెన్ 190 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి.

ముద్దలు పైన ఎర్రగా కాలాయి, అడుగున పచ్చిపిండి

అందరికీ ఎదురయ్యే లోపం ఇదే. పైకి చూస్తే ఏ వంకా కనిపించదు. చెంచాతో ఒక ముద్దను పక్కకు ఒరిగించి చూస్తే, రసాన్ని ఆనుకున్న వైపు వేలెడు మందాన తెల్లగా, మైదా పేస్టులా జిగటగా కనబడుతుంది. నోట్లో వేసుకుంటే పిడచకట్టుకుంటుంది. చాలామంది దీనిని ఓవెన్ లోపమనుకుని ఉష్ణోగ్రత పెంచుతారు. దానివల్ల పైభాగం మాడుతుందే గాని అడుగు ఉడకదు.

ముద్దకు పైనుంచి ఓవెన్ వేడి అందుతుంది, కిందినుంచి పళ్ల రసం వేడి అందాలి. చల్లని ముక్కలమీద పిండి పెట్టి ఓవెన్‌లోకి తోస్తే, కిలో పండు వేడెక్కి రసం ఉడకడం మొదలయ్యేసరికి పైపిండి కాలడం దాదాపు పూర్తవుతుంది. ఈలోగా అడుగున ఉన్న పిండి రసాన్ని పీల్చుకుని నానిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన మామిడి ముక్కలతో చేసినప్పుడు ఇది మరీ ఎక్కువ.

కాబట్టి పళ్లను ముందు విడిగా వేడి చేయాలి. ముక్కలకు పంచదార, నిమ్మరసం, కార్న్‌ఫ్లోర్ పట్టించి, పిండి పెట్టకుండానే ఓవెన్‌లో పెట్టి, అంచుల వెంట రసం బుడగలు వచ్చేదాకా ఉంచాలి. 20 నుంచి 25 నిమిషాలు పట్టవచ్చు. పొయ్యిమీద మందపాటి గిన్నెలో ఒక ఉడుకు వచ్చేదాకా కాచి పాత్రలోకి వంపినా ఫలితం ఒకటే, గ్యాసు మీద పని త్వరగా అవుతుంది కూడా. పైపిండిని ఈలోగా సిద్ధం చేసుకుని, మరుగుతున్న పళ్లమీద ముద్దలు పెట్టి, ఆలస్యం చేయకుండా ఓవెన్‌లోకి చేర్చాలి. ముద్దకూ ముద్దకూ మధ్య వేలెడు సందు వదలడం కూడా అంతే అవసరం. పిండిని దుప్పటిలా అంతటా పరిచేస్తే ఆవిరి పోయే దారి లేక అడుగు నానుతుంది. ముద్ద నిమ్మకాయంత ఉంటే చాలు, పెద్దదైతే మధ్యభాగం కాలడానికి సమయం చాలదు.

ఇప్పటికే కాల్చేసిన కాబ్లర్ ఇలా తేలితే పైన ఫాయిల్ వదులుగా కప్పి, 175 డిగ్రీల దగ్గర కింది రాడ్లు మాత్రమే వెలిగించి మరో పది, పదిహేను నిమిషాలు ఉంచవచ్చు. కాలిందా లేదా అన్నది రంగును చూసి తేల్చకూడదు. మధ్యలో ఉన్న ముద్దను ఒరిగించి అడుగు చూడాలి; థర్మామీటర్ ఉంటే ముద్ద లోపల 93 డిగ్రీలు చూపించాలి.

పళ్ల రసం చిక్కబడలేదు, నీళ్లలా తిరుగుతోంది

ముందుగా కొంత ఓపిక పట్టాలి. ఓవెన్ నుంచి తీసిన వెంటనే ఏ కాబ్లర్ అయినా పలుచగానే ఉంటుంది, కార్న్‌ఫ్లోర్ రసం చల్లారే కొద్దీ బిగుస్తుంది. అరగంట నుంచి ముప్పావుగంట ఆగిన తర్వాత కూడా పాత్ర వంచితే రసం ఒక పక్కకు పరుగెత్తితే అప్పుడు కారణం వెతకాలి.

పాత్ర మధ్యలో రసం మరగకపోవడం ఒక కారణం. కార్న్‌ఫ్లోర్ చిక్కబడాలంటే రసం ఇంచుమించు మరిగే స్థితికి రావాలి. అంచుల్లో బుడగలు వచ్చి మధ్యలో రాకపోతే అక్కడి కార్న్‌ఫ్లోర్ పచ్చిగానే ఉండిపోతుంది, రసం తాగితే సుద్దరుచి తగులుతుంది. కార్న్‌ఫ్లోర్‌కు బదులు పసుపుపచ్చని మొక్కజొన్న పిండి తెచ్చుకోవడం మరొకటి. అది రొట్టెల పిండి. రసాన్ని సరిగ్గా బిగించలేదు, పైగా ఇసుకలా తగులుతుంది. కార్న్‌ఫ్లోర్ తెల్లగా ఉండి, వేళ్లమధ్య నలిపితే కిచకిచమంటుంది.

మూడో కారణం పండు. బంగినపల్లి కండ గట్టిగా, పీచు లేకుండా ఉంటుంది కాబట్టి ముక్కలకు అనువైనది. ఉత్తరాంధ్ర తోటల నుంచి వచ్చే సువర్ణరేఖ మంచి రంగుతో ఆకర్షిస్తుంది, వాసన కూడా బాగుంటుంది, కాని రసం ఎక్కువ. చిన్నరసాలు, పెద్దరసాలు పిసుక్కుని తినే పళ్లు, వాటిని కాబ్లర్‌లో వేయడం వృథా. మన్యం నుంచి వచ్చే అనాసలోనూ, చలికాలంలో లంబసింగి నుంచి వచ్చే స్ట్రాబెర్రీలోనూ నీరు మరీ ఎక్కువ. ఇటువంటి పళ్లను ముక్కలు కోసి, పంచదార కలిపి అరగంట ఊరనివ్వాలి. జల్లెడలో వేసి, దిగిన రసాన్ని గిన్నెలో సగానికి మరిగించి, చల్లటి నీటిలో కలిపిన కార్న్‌ఫ్లోర్ పోసి ఒక నిమిషం ఉడికించి, తిరిగి ముక్కలకు కలపాలి. పొడి కార్న్‌ఫ్లోర్‌ను నేరుగా వేడి రసంలో చల్లితే ఉండలు కడుతుంది. ఈ ఒక్క పని అలవాటు చేసుకుంటే పలుచని కాబ్లర్ బెడద చాలావరకు తీరుతుందని నా అభిప్రాయం.

వడ్డించే వేళకు లోపం బయటపడితే గరిటెతో రసాన్ని తోడి, ఇదే విధంగా చిక్కబరిచి, ముద్దలు తడవకుండా అంచు వెంబడి తిరిగి పోయవచ్చు.

ముక్కలు గుజ్జైపోయాయి, లేదా గట్టిగా మిగిలాయి

రైతు బజారులో కాబ్లర్ కోసం మామిడి ఎంచేటప్పుడు నొక్కితే లొంగే పండును కాక, దోరగా ముగ్గి ఇంకా కాస్త బిగువున్న పండును తీసుకోవాలి. తినడానికి వెంటనే పనికొచ్చే పండు ఓవెన్‌లో విడిపోతుంది. ముక్కలు అంగుళానికి తగ్గకూడదు. ఆపిల్‌కు దీనికి విరుద్ధమైన ఇబ్బంది ఉంది. దాన్ని పలుచగా కోసి, పంచదారతో పొయ్యిమీద సగం మెత్తబడేదాకా మగ్గించకపోతే, పైపిండి కాలినా ముక్క పంటికి గట్టిగా తగులుతుంది. సీతాఫలం మీద ఎంత మక్కువ ఉన్నా దానితో కాబ్లర్ ప్రయత్నించవద్దు, దాని గుజ్జు వేడికి చేదెక్కుతుంది.

ముద్దలు పొంగకుండా చదునుగా పరుచుకుపోయాయి

వైశాఖంలో మధ్యాహ్నం వంటింట్లో వెన్నముక్క కోసేలోపే చేతికి అంటుకుంటుంది. పిండిలో వెన్న బఠాణీ గింజలంత పలుకులుగా మిగిలి ఉంటే ఓవెన్‌లో అందులోని నీరు ఆవిరై పొరలను పైకి లేపుతుంది. ముందే కరిగితే మైదా ఆ నూనెను పీల్చుకుని ముద్ద జారిపోతుంది. వెన్నను డీప్‌ఫ్రీజర్‌లో గట్టిపరిచి, కూరగాయల తురుముపీట మీద తురిమి, పిండిలో వేళ్లతో కాక ఫోర్కుతో కలిపితే మంచిది. కొలిచిన మైదాను కూడా అరగంట ఫ్రిజ్‌లో ఉంచవచ్చు. పిండి సిద్ధమయ్యాక పళ్లు ఇంకా మరగకపోతే గిన్నెను ఫ్రిజ్‌లోనే ఉంచాలి, గట్టు మీద వదలకూడదు. వెన్నకు బదులు నెయ్యి వేసేవారున్నారు. నెయ్యిలో నీరు ఉండదు కాబట్టి ఆవిరితో పొరలు లేవవు, ముద్ద నూనెకారుతూ పొడిపొడిగా విరుగుతుంది.

ఇంకో పొరపాటు మజ్జిగ. అమెరికా వంట విధానాలలో చెప్పే మజ్జిగ చిక్కగా, పెరుగుకు దగ్గరగా ఉంటుంది. మన ఇంట్లో నీళ్లు పోసి చిలికిన మజ్జిగను అదే కొలతలో పోస్తే పిండి దోసెపిండిలా జారుతుంది. గడ్డపెరుగును చెంచాతో చిలికి వాడుకోవాలి, బిగువుగా అనిపిస్తేనే ఒకటి రెండు చెంచాల పాలు చేర్చాలి. అప్పటికే పలుచబడిన పిండికి రెండు చెంచాల మైదా చల్లి, పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచితే చాలావరకు నిలదొక్కుకుంటుంది.

ముద్దలు రాయిలా, లేదా రబ్బరులా తయారయ్యాయి

పిండిని చపాతీకి మర్దించినట్టు మర్దిస్తే మైదాలోని జిగురు బలపడి ముద్ద సాగుతుంది. పెరుగు పోశాక పొడిపిండి కనబడకుండా పోయేంతవరకే, పది పన్నెండు తిప్పులు తిప్పి ఆపాలి. పిండి గరుకుగా, అతుకులబొంతలా ఉంటే అదే సరైన స్థితి.

తక్కువగా కలిపినా ముద్ద గట్టిగా వస్తే బేకింగ్ పౌడర్‌ను అనుమానించాలి. గాలిలోని తేమ తగిలితే అందులోని ఆమ్లం, క్షారం డబ్బాలోనే కలిసిపోయి శక్తి తగ్గుతుంది, తీరప్రాంతంలో ఇది త్వరగా జరుగుతుంది. పావు కప్పు వేడినీటిలో అర టీస్పూను వేసి చూడాలి. బుసబుసమని నురగ లేస్తే పనికొస్తుంది, నాలుగు బుడగలు వచ్చి ఆగిపోతే పారేయాలి. తడిచెంచా పెట్టకుండా, పొయ్యికి దూరంగా, మూత బిగించి ఉంచడం తప్ప దీనికి వేరే ఉపాయం లేదు.

పైన నల్లబడింది, లోపల వేడే తగల్లేదు

ఇది ఓవెన్‌కు సంబంధించినది. చిన్న ఓటీజీలో (పైనా కిందా రాడ్లుండే కరెంటు ఓవెన్‌లో) పై రాడ్లు పాత్రకు జానెడు దూరంలో కూడా ఉండవు. పాత్రను కింది అర మీద పెట్టి, మొదటి ఇరవై నిమిషాలు కింది రాడ్లతోనే కాల్చి, చివర్లో రంగు కోసం రెండూ వెలిగించాలి. ముందుగా పదిహేను నిమిషాలు వేడెక్కనివ్వడం తప్పనిసరి, వోల్టేజి తగ్గిన సాయంత్రాలు ఇంకా ఎక్కువ పడుతుంది. కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో వేడిగాలి తిరుగుతుంది కాబట్టి ఉష్ణోగ్రతను 10 నుంచి 20 డిగ్రీలు తగ్గించుకోవాలి. అందులో మైక్రోవేవ్ మోడ్‌లో కాలిస్తే పైపొర ఎర్రబడదు, తెల్లగా తడిగా మిగులుతుంది. కాలుతుండగా కరెంటు పోతే తలుపు తీయవద్దు, లోపలి వేడి కొంతసేపు పని చేస్తూనే ఉంటుంది.

నేరేడు కాబ్లర్‌లో ముద్దల అంచులు నీలం, ఆకుపచ్చ రంగుకు తిరిగాయి

చూడగానే బూజు అనుకుని పాత్ర మొత్తం పారబోసే ప్రమాదముంది. అది బూజు కాదు. నేరేడు తొక్కలోని ఊదారంగు పులుపు తగిలితే ఎర్రబడుతుంది, క్షారం తగిలితే నీలానికీ ఆకుపచ్చకూ తిరుగుతుంది. ముద్దలో వంటసోడా మిగిలిపోయినందువల్ల రసం పీల్చుకున్న అంచున ఆ రంగు వస్తుంది. తినడానికి అభ్యంతరం లేదు. మరుసటిసారి సోడా మానేసి బేకింగ్ పౌడర్‌ను టీస్పూనున్నరకు పెంచి, పళ్లలో నిమ్మరసం మరో చెంచా కలిపితే సరిపోతుంది.

సబ్బు రుచి, లోహపు రుచి

సబ్బు రుచికి కూడా సోడాయే కారణం. ఉదయం తోడుకున్న కమ్మని పెరుగులో సోడాను విరిచేంత పులుపు ఉండదు, ఒకరోజు పులిసిన పెరుగు వాడాలి. లోహపు రుచి మాత్రం పాత్రది. పుల్లని పళ్లను అల్యూమినియం ట్రేలో కాల్చకుండా గాజు, పింగాణీ, స్టీలు పాత్రలు వాడుకోవాలి. గాజు పాత్రను ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే వేడి ఓవెన్‌లో పెడితే పగలవచ్చు. పాత్రలో మూడింట రెండు వంతులకు మించి నింపితే రసం పొంగి రాడ్ల మీద కారి పొగ వస్తుంది, కింద ఒక ట్రే పెట్టుకోవడం మేలు.

మర్నాటికి పైపొర మెత్తబడి తడిసింది

కింద రసం, చుట్టూ తేమగాలి ఉన్నప్పుడు ముద్దలు రాత్రంతా కరకరగా ఉండవు. అయితే వేడిగా ఉన్నప్పుడే మూత పెడితే ఆవిరి మూతకు పట్టి బొట్లుగా తిరిగి ముద్దల మీదే పడుతుంది, కాబట్టి పూర్తిగా చల్లారాకే మూసి ఫ్రిజ్‌లో పెట్టాలి. తినే ముందు చల్లదనం పోయాక 175 డిగ్రీల దగ్గర పది, పదిహేను నిమిషాలు మూత లేకుండా వేడి చేస్తే పైభాగం తిరిగి బిగుస్తుంది. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే ఇంకా మెత్తబడుతుంది. అతిథులు మరునాడు వస్తున్నారంటే పళ్ల భాగాన్ని మాత్రమే ముందురోజు వండి ఉంచి, పైపిండిని వడ్డించే పూట కలిపి, పళ్లను మళ్లీ మరిగించి కాల్చడమే తగిన పద్ధతి.