హ్యూస్టన్ ప్రాంతంలో ఇల్లు కొనేముందు స్థలంపై ఉన్న ఆంక్షలను తెలుసుకోవడం ఎలా

హ్యూస్టన్ చుట్టుపక్కల ఇల్లు కొనబోయే మనవాళ్లు పిల్లల బడి గురించి, ఆఫీసు దూరం గురించి, సింహద్వారం ఏ దిక్కున ఉందన్న దాని గురించి నెలల తరబడి విచారిస్తారు. ఆ స్థలంలో ఏం కట్టుకోవచ్చు, ఏం కట్టుకోకూడదు అన్న ప్రశ్న మాత్రం చాలామందికి మొదటి నోటీసు అందిన రోజునే గుర్తుకొస్తుంది. మాకూ అలాగే అయింది. పెరట్లో ఆనపపాదుకు ఇనుప గొట్టాలతో పందిరి వేయించాము. తీగ పైకి పాకి పిందెలు దిగే వేళకు, అనుమతి లేని కట్టడాన్ని తొలగించమంటూ ఉత్తరం వచ్చింది. ఇల్లు అమ్మినవారు “పెరడు మీ ఇష్టం” అని చెప్పారు గాని, రిజిస్టరైన పత్రం ముందు ఆ నోటిమాటకు విలువ లేదు.

హ్యూస్టన్ నగరంలో జోనింగ్, అంటే ఏ ప్రాంతంలో ఏ రకం కట్టడాలు ఉండాలో నగరపాలక సంస్థ నిర్ణయించే పద్ధతి, లేదు. 1948, 1962, 1993 సంవత్సరాలలో ఓటర్లు దానిని తిరస్కరించారు. అందుకని ఇక్కడ అడిగేవారు లేరనుకోవడం పొరపాటు. జోనింగ్ చేయవలసిన పనిలో చాలా భాగాన్ని ఇక్కడ డీడ్ రిస్ట్రిక్షన్లు, అంటే స్థలం వాడకంపై పత్రాల్లో రాసిన ఆంక్షలు, చేస్తాయి. లేఅవుట్ వేసిన డెవలపరు రాసి రిజిస్టరు చేయించిన ఈ షరతులు స్థలంతోపాటే చేతులు మారుతూ, మీరు చదివినా చదవకపోయినా మిమ్మల్ని కట్టిపడేస్తాయి. వాటిని సాధారణంగా హోమ్ ఓనర్స్ అసోసియేషన్ అమలు చేస్తుంది; అసోసియేషన్ లేని పాత పేటల్లో కూడా ఇరుగుపొరుగువారు గాని, కొన్ని రకాల ఉల్లంఘనలపై నగరపాలక సంస్థే గాని కోర్టుకు వెళ్లవచ్చు. షుగర్ ల్యాండ్ వంటి ఊళ్లలో జోనింగ్ కూడా ఉంది కాబట్టి అక్కడ రెండింటినీ చూసుకోవాలి.

మన ఊళ్లో స్థలం కొనేముందు ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు చూస్తాము కదా, ఇక్కడ అంత శ్రద్ధగా చూడవలసినది, స్థలం హక్కులను పరిశీలించి బీమా ఇచ్చే టైటిల్ కంపెనీ ముందుగా పంపే టైటిల్ కమిట్‌మెంట్ అనే పత్రం. అందులో షెడ్యూల్ బి మొదటి అంశం కింద మీ స్థలానికి వర్తించే ఆంక్షల పత్రాల రికార్డు నంబర్లు ఉంటాయి. నంబర్లు చూసి ఊరుకోకుండా ఆ పత్రాల నకళ్లు పంపమని అడగండి. ఇంకా కొనే దశకు రాకపోతే, పన్ను కోసం ఆస్తుల విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్టు వెబ్‌సైటులో చిరునామా కొట్టి లాటు, బ్లాకు, సెక్షను వివరాలు రాసుకుని, వాటితో కౌంటీ క్లర్కు రికార్డుల్లో మీరే వెతకవచ్చు. సెక్షను నంబరు తప్పనిసరిగా సరిచూసుకోండి. ఒకే పేరున్న కాలనీలో మూడో సెక్షనుకు ఒక పత్రం, ఏడో సెక్షనుకు మరొకటి ఉండవచ్చు. తరువాతి సవరణలు వేరే పత్రాలుగా ఉంటాయి కాబట్టి మూలపత్రంతో ఆగిపోకూడదు. పాత పేటల పత్రాల్లో ఫలానా జాతివారు ఇక్కడ నివసించరాదన్న వాక్యం కనబడితే మనసు కలుక్కుమంటుంది. అటువంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని అమెరికా సుప్రీంకోర్టు 1948లోనే తీర్పు చెప్పింది.

అసోసియేషన్ ఉన్న చోట రీసేల్ సర్టిఫికెట్ కూడా తెప్పించుకోండి. టెక్సస్ చట్టం ప్రకారం దానికి 375 డాలర్లకు మించి వసూలు చేయరాదు. పాత యజమాని బాకీలు, ఆ ఇంటిపై అసోసియేషన్ దృష్టికి వచ్చిన ఉల్లంఘనలు అందులో తెలుస్తాయి. ఇంకొక ముఖ్యమైన సంగతి ఏమిటంటే, అసోసియేషన్ నియమపత్రం ఏదైనా కౌంటీలో రికార్డయ్యే వరకు చెల్లదు. కనుక ఎవరైనా ఒక నియమం ఉందని చెబితే దాని రికార్డు నంబరు మర్యాదగా అడగండి.

చదివేటప్పుడు కంచె ఎత్తు, షెడ్డు, ఇంటి రంగు, వీధిలో కారు నిలపడం, ఇల్లు అద్దెకివ్వడం గురించిన భాగాలను నిదానంగా చూడండి. తులసికోట, గుమ్మానికి దేవుడి పటం వంటి వాటి విషయంలో చట్టం మన పక్షాన ఉంది. ఒకప్పుడు తలుపు మీద, ద్వారబంధం మీద మొత్తం 25 చదరపు అంగుళాల వరకే మతచిహ్నాలకు రక్షణ ఉండేది. 2021 సవరణతో అది ఇంటి ఆవరణకంతటికీ విస్తరించింది. అయితే కోటను ఈజ్‌మెంటులో (పైపులు, తీగల వంటి వాటి కోసం ఇతరులకు వాడుకునే హక్కున్న భాగంలో) గాని, సెట్‌బ్యాక్ గీత (సరిహద్దు నుంచి కట్టడానికి వదలవలసిన దూరం) దాటి గాని కట్టిస్తే అభ్యంతరం చెప్పే హక్కు అసోసియేషన్‌కు ఉంటుంది. ఆ గీతలు ప్లాటు పటంలోను, సర్వే కాగితంలోను కనిపిస్తాయి.

నోటీసు వస్తే పక్కన పడేయకండి. జరిమానా వేసేముందు సరిదిద్దుకోగల తప్పుకు తగిన గడువు ఇవ్వాలి. విచారణ కోరడానికి నోటీసు పంపిన నాటి నుంచి 30 రోజుల వ్యవధి ఉంటుంది. మేము ఆ వ్యవధిలోనే విచారణ కోరి, పందిరి కొలతలతో బొమ్మ గీసి, కట్టడాలకు అనుమతులిచ్చే అసోసియేషన్ ఆర్కిటెక్చరల్ కమిటీకి దరఖాస్తు పెట్టాము. కంచె కంటే ఎత్తు ఉండరాదని, గొట్టాలకు బదులు కర్ర వాడాలని చెప్పి అనుమతి ఇచ్చారు. పాత పందిరి విప్పేటప్పుడు తీగ తెగిపోయింది. కొత్త పందిరి కింద మళ్లీ గింజలు నాటుకున్నాము.