తాగి గుద్దిన కేసులో శిక్ష పలచబడకుండా ఏం చేయాలి

హనుమకొండ కోర్టులో వకీలు గుమాస్తాగా పనిచేస్తున్నాను. "తాగి మనిషిని చంపినా ఆరు నెలలేనా?" అని తిట్టుకుంటూ మెట్లు దిగే కుటుంబాలను చాలా చూశాను. వాళ్ల కోపం న్యాయమే. కాకపోతే కాగితాలు మోసే మనిషిగా నాకు కనిపించేది ఇంకొకటుంది. జడ్జిగారి ముందుకు వచ్చేసరికే కేసు సగం చచ్చిపోయి ఉంటుంది. రక్తం తీయలేదు, కంప్లైంటులో తాగిన సంగతే లేదు, సాక్షి పంచాయితీలో మెత్తబడ్డాడు. ఇంక ఆయన మాత్రం ఏం శిక్ష వేస్తారు? అందుకే, ఎవరికీ అక్కర రావొద్దని కోరుకుంటూనే, ఇది రాస్తున్నా.

ముందు సెక్షన్లు తెలుసుకోండి. రోడ్డు మీద ఊదిస్తే పడే కేసు మోటారు వాహనాల చట్టం 185. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండోసారి రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. చాలామంది జరిమానా కట్టి అదే రోజు ఇంటికి పోతారు. మొదటిసారి దొరికినవాడి మీద నాకు పెద్ద పేచీ లేదు. రెండోసారి కూడా అదే తంతు అయితే మాత్రం ఒళ్లు మండుతుంది.

ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106(1) పెడతారు. ఐదేళ్ల వరకు జైలు. 2024 జులై 1కి ముందు ఐపీసీ 304-ఎ కింద రెండేళ్లే ఉండేది. పెంచారు, మంచిదే. కానీ కనీసం ఇంత వేయాలని లేదు, పైగా బెయిలు స్టేషన్‌లోనే దొరుకుతుంది. దినాలు కాకముందే గుద్దినవాడు తన ఇంట్లో ఉంటాడు. దీనికి పైమెట్టు 105. ఇట్లా నడిపితే ప్రాణం పోతుందని తెలిసీ నడిపాడని రుజువైతే పదేళ్ల వరకు పడుతుంది, బెయిలు కోర్టు ఇవ్వాల్సిందే, విచారణ సెషన్స్ కోర్టులో. అసలు కొట్లాట ఈ రెండు సెక్షన్ల మధ్యే.

మొదటి పని రక్తం. ఇంటిల్లిపాదీ మార్చురీ దగ్గర ఏడుస్తూ ఉంటారు, డ్రైవరు సంగతి ఎవరికీ పట్టదు. బామ్మర్దినో మేనల్లుడినో ఒకరిని అతని వెంటే ఉంచండి. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. గుద్దినప్పుడు 80 ఉన్నవాడు నాలుగు గంటల తర్వాత 20 దగ్గర తేలతాడు, కాగితం మీద తాగనివాడైపోతాడు. 185 కింద అరెస్టు చేస్తే రెండు గంటల్లో వైద్య పరీక్ష చేయించాలని చట్టంలోనే ఉంది. ఆ మాట ఎస్ఐ గారికి మర్యాదగానే గుర్తు చేయండి. ఊదించిన స్లిప్పు మీద టైము, రీడింగు చూసుకోండి. ఎంజీఎం అయినా ఇంకే దవాఖాన అయినా, మెడికో లీగల్ కేసు రిజిస్టరులో మద్యం వాసన, తూలడం, మాట తడబడటం రాశారా అని అడగండి. సూది గుచ్చే చోట స్పిరిట్ దూది రుద్దకూడదు. రుద్దితే ఆ ఆల్కహాల్ స్పిరిట్‌దేనని అవతలి వకీలు అడ్డం తిరుగుతాడు. శాంపిల్‌కు సీలు పడే దాకా మీ మనిషి అక్కడి నుంచి కదలొద్దు. 2024లో పుణెలో పోర్షే కారు ఇద్దరిని చంపిన కేసులో రక్తం మార్చారన్న ఆరోపణ మీద డాక్టర్లే అరెస్టయ్యారు.

రెండోది కంప్లైంటు. మీరు ఏడుస్తూ చెబుతుంటే స్టేషన్ రైటర్ చెయ్యి అలవాటుగా "అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి" అని రాసుకుంటూ పోతుంది. యాక్సిడెంటు ఎఫ్ఐఆర్‌లలో నూటికి తొంభైతొమ్మిదింట్లో ఆ రెండు మాటలే. అవి 106కు సరిపోతాయి, 105కు చాలవు. చూసినవాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయించండి. ఏ ధాబాలో తాగాడు, బండి తీయొద్దని ఎవరైనా అన్నారా, రాంగ్ సైడులో వచ్చాడా, మొదట డివైడర్‌ను గుద్దాక కూడా ఆపలేదా, ఇంతకుముందు డ్రంక్ అండ్ డ్రైవ్ కేసుందా. తెలియనిది కల్పించొద్దు, ఒక్క అబద్ధం దొరికితే మిగతా నిజాలన్నీ కొట్టుకుపోతాయి. చదివి వినిపించాకే సంతకం పెట్టండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకోండి.

మడికొండ రోడ్డైనా ములుగు రోడ్డైనా పెట్రోల్ బంకులకు, ధాబాలకు కెమెరాలుంటాయి. కొద్దిరోజులకే పాత రికార్డు చెరిగిపోతుంది కాబట్టి ఫలానా చోటి ఫుటేజీ స్వాధీనం చేసుకోవాలని మర్నాడే రాతపూర్వకంగా ఇచ్చి, రెండో కాపీ మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. ధాబాలో ఫోన్‌పే చేసిన రికార్డు కూడా సాక్ష్యమే.

తాగినంత మాత్రాన 105 నిలబడుతుందని అనుకోవద్దు. ముంబై కార్టర్ రోడ్డులో 2006లో ఫుట్‌పాత్ మీద పడుకున్న ఏడుగురిని కారు చంపింది. అది తెలిసి చేసిన నేరమేనని 2012లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అయినా ఖరారైన శిక్ష మూడేళ్లే. ఏడు ప్రాణాలకు మూడేళ్లా అంటే, తక్కువేనని నేనూ అంటాను.

అన్నిటికంటే కష్టమైనది పంచాయితీ. మూడో రోజుకల్లా పెద్దమనుషులు వస్తారు. "పోయినోడు తిరిగి రాడు, పిల్లల సంగతి చూసుకో బిడ్డా" అంటారు. దాని వెనకాలే ఇంకో మాట వస్తుంది: "తాగిండని రాయిస్తే ఇన్సూరెన్స్ రాదు." దీనికే చాలామంది జారిపోతారు. నష్టపరిహారం కేసు వేరు, ట్రిబ్యునల్లో నడుస్తుంది. డ్రైవరు తాగి ఉన్నా ముందు బాధితులకు కంపెనీ కట్టి, తర్వాత బండి ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలని హైకోర్టులు పలు తీర్పుల్లో చెప్పాయి. ఆ పిటిషన్‌కు చట్టం పెట్టిన గడువు యాక్సిడెంటు నుంచి ఆరు నెలలు. అది మాత్రం దాటనీయొద్దు. ఇంకో సంగతి, 106 రాజీ పడే సెక్షన్ కాదు. బాండ్ పేపర్ మీద ఏం రాసుకున్నా కేసు కొట్టేయడానికి అది చాలదు. నిజానికి వాళ్లు కొనేది సాక్షి నోరు. డబ్బు తీసుకోవాలా వద్దా అని మీకు చెప్పే అర్హత నాకు లేదు, ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. చూసినవాడిని కోర్టులో చూడలేదని చెప్పమనే షరతుకు మాత్రం తల ఊపకండి.

తర్వాతిది ఓపిక పని. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో పోలీసులు మీకు చెప్పాలి. ఛార్జిషీటులో సెక్షన్ తగ్గిందేమో చూడండి. ప్రభుత్వ వకీలుకు సాయంగా మీ వకీలును పెట్టుకోవడానికి కోర్టు అనుమతి అడగొచ్చు. నేరం రుజువయ్యాక ముద్దాయి ముసలి తల్లి, చిన్న పిల్లలు అంటాడు. ఆ రోజు మీవాళ్లు కూడా కోర్టులో ఉండాలి. పాత డ్రంక్ అండ్ డ్రైవ్ శిక్షల కాగితాలు ప్రభుత్వ వకీలు చేతిలో ఉండాలి. మంచి నడవడిక అని వదిలేయమంటే, ప్రాణం తీసిన డ్రైవర్లకు ఆ వెసులుబాటు తగదని 2000లో దల్బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట చూపించొచ్చు. ఇద్దరు చనిపోయిన సౌరభ్ బక్షీ కేసులో హైకోర్టు ఏడాది శిక్షను 24 రోజులకు దించితే, 2015లో సుప్రీంకోర్టు ఆరు నెలలు చేసింది. అప్పుడే పాత 304-ఎ సెక్షన్‌లో శిక్షల సంగతి మళ్లీ చూడమని చట్టం చేసేవాళ్లకూ చెప్పింది.

అప్పటికీ చిన్న శిక్షే పడితే? నిర్దోషి అన్నా, చిన్న సెక్షన్ కింద శిక్ష వేసినా మీరే అప్పీలు వేయొచ్చు. శిక్ష చాలలేదని మాత్రం మీరు వేయలేరు, ప్రభుత్వమే వేయాలి. కాబట్టి తీర్పు కాపీకి అదే రోజు దరఖాస్తు పెట్టి, రాగానే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు, కలెక్టర్‌కు అప్పీలు వేయమని అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.