రేపట్నుంచి ఆంధ్రాలో కరోనా కర్ఫ్యూ, మన తీరం ఊళ్ళోళ్ళు ఇయ్యి ఇవాళే చూసుకోండి

రేపు మే 5, 2021 నుంచి పొద్దున్న 6 నుంచి 12 దాకానే షాపులు, తర్వాత బయట తిరగనివ్వరు. మనకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఎలాగూ ఉంది, అంటే చేతిలో డబ్బు ఆడేది తక్కువ, అందుకే ముందు బియ్యం, పప్పు, నూనె, గ్యాస్ చూసుకోండి, ఉప్పు కూడా, ఎండుచేపలకి కావాలి కదా.

ఎండుచేప బాగా ఎండాకే గాలి తగలకుండా కట్టండి, తడి ఉంటే పురుగు పడుద్ది. మే నెల తుఫాన్ల టైము కాబట్టి బోట్లు పైకి లాగి కట్టేయండి, ఇంజిన్, వలలు లోపల పెట్టండి.

అన్నిటికంటే ముఖ్యం ఇంట్లో పెద్దోళ్ళ బీపీ, షుగర్ మందులు, ఒక నెలకి తెచ్చేయండి, పారాసిటమాల్, థర్మామీటర్, వీధికొక్క ఆక్సీమీటరైనా (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసేది) ఉంటే మంచిది. రీడింగ్ 94 కంటే తగ్గితే ఇంట్లో కూర్చోకండి దయచేసి, 104 కరోనా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, ఆయాసం ఉంటే 108 అంబులెన్స్‌కి. జ్వరం ఉన్న మనిషికి వేరే గది లేకపోతే కనీసం కిటికీ పక్కన మంచం వేయండి.

చేపల బుట్ట పట్టుకెళ్ళే అక్కలు, మాస్కు మాట్లాడేటప్పుడు కిందకి లాగకండి.

గుజరాత్‌కి వేటకెళ్ళిన మనోళ్ళకి ఇవాళే ఫోన్ చేయండి, 2020 లాక్‌డౌన్‌లో అక్కడి వెరావల్ రేవులో ఎంతమంది ఇరుక్కుపోయారో మర్చిపోలేం. తిండి, డబ్బు, రానుపోను దారి, అన్నీ అడగండి.